చెకుముకి పిస్తోలు

అగ్గిపెట్టెలు పల్లెలకు రాకపూర్వము మన పెద్దల రొంటిని ఒక చిన్న తోలుసంచి ఉండెడిది. అందులో ఒక చెకుముకి రాయి, అరచేత ఇముడు ఉక్కుముక్క, కొంచెము దూది. అంతే సామగ్రి. రాతిని ఉక్కుతో చర్రున గీయగా రాలిన రవ్వ దూదిమీద పడి రాజుకొనెడిది. చుట్ట ముట్టించుకొనుటకును, చలిమంట వేసికొనుటకును పనికివచ్చిన ఈ ఉపాయమే ఐరోపా ఖండమున రెండు శతాబ్దములకు పైగా సైనికుని చేతి తుపాకికి ప్రాణము పోసినది. ఆ తుపాకులలో చిన్నదియగు పిస్తోలును ఈనాడు కొందరు విడిభాగములుగా తెప్పించుకొని, తీరిక వేళల ఇంటి బల్లమీద కూర్చి, అరగదీసి, మెరుగుపెట్టి మురియుచున్నారు. ఆ పని ఎట్లు సాగునో, అందులోని సొగసేమో, చిక్కేమో శ్రోతలకు విన్నవింతును.

ముందుగా ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. మన దేశమున ఇది ఎవరికివారు ఇంటిలో చేయదగిన పని కాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము, మూతినుండి మందు దట్టించు పాతకాలపు తుపాకికి కూడ లైసెన్సు ఉండవలెను. లైసెన్సు లేకుండ తుపాకిని తయారుచేయుట నేరము. మన్యములోని నాటు తుపాకులకును ఈ నియమమే వర్తించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థితి వేరు. 1968 నాటి అక్కడి కేంద్ర చట్టము, 1898 వరకు తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా ఎంచి, వానికి నకళ్లైన చెకుముకి తుపాకులను సైతము ఆ కోవలోనే చేర్చినది. రాష్ట్రముల చట్టములు ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా ఉండును గనుక అక్కడివారును విచారించుకొనియే కొనవలెను. ఏమైనను, ఒక పిస్తోలుకు కావలసిన భాగములన్నియు అట్టపెట్టెలో సర్ది పంపు వ్యాపారము అక్కడ బాగుగా పెరిగినది. టెన్నెసీ రాష్ట్రములోని యూనియన్ సిటీలో టర్నర్ కిర్క్‌లాండ్ 1954లో స్థాపించిన డిక్సీ గన్ వర్క్స్ ఈ రంగమున పేరెన్నికగన్నది. భాగములు చాలవరకు ఇటలీ దేశమున బ్రెష్యా నగరమునకు ఉత్తరముగా ఉన్న వాల్ ట్రోంపియా లోయనుండి వచ్చును. ఆ లోయలోని గార్డొనె అను ఊరు శతాబ్దములుగా తుపాకుల పనికి నిలయము. పాత తుపాకులకు నకళ్లు చేయు పెడెర్సోలి సంస్థ అక్కడ 1957లో పుట్టినది.

తుపాకి పుట్టిననాటినుండి దానికి ఒక్కటే చిక్కు: గొట్టములోని మందుకు నిప్పు అందించుట ఎట్లు? మొదట మండుచున్న త్రాటివత్తిని అంటించెడివారు. వాన కురిసినచో వత్తి ఆరిపోవును. చీకటిలో దాని ఎర్రని కొన శత్రువునకు దారి చూపును. మందుసంచి ప్రక్కనే నిప్పు పెట్టుకొని నడచుట ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. తరువాత గడియారమువలె తాళపుచెవితో చుట్టెడి చక్రపు తుపాకులు వచ్చినవి. అవి ప్రభువులకే కాని బంటులకు అందనంత వెలగలవి. 1610 ప్రాంతమున ఫ్రాన్సు దేశములోని లిసియో పట్టణమున మారన్ లె బూర్జువా అను పనివాడు చెకుముకి తుపాకికి స్థిరమైన రూపము కల్పించెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆ కుటుంబపు పనితనము గల ఒక తుపాకి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున నేటికిని ఉన్నది.

ఆ యంత్రము చూచుటకు చిన్నది. ఒక ఇనుప పలకమీద కోడిపుంజు తలను బోలిన కొమ్మ ఒకటి ఉండును. ఆంగ్లేయులు దానిని పుంజు అనియే పిలుతురు. దాని దవడల నడుమ తోలుముక్క చుట్టిన చెకుముకి రాతిని బిగింతురు. ఎదుట ఒక ఉక్కు తలుపు నిలువుగా ఉండును. దాని పేరు ఫ్రిజ్జెన్. ఆ తలుపు అడుగుభాగమే ఒక చిన్న పళ్లెమునకు మూత. పళ్లెములో చిటికెడు మెత్తని తుపాకిమందు. మీట నొక్కగానే లోపలి విల్లు వదలుకొని కొమ్మ ముందునకు దూకును. రాయి ఉక్కు తలుపును గీరును. ఆ తాకుడుకే తలుపు తెరచుకొనును. రవ్వలు పళ్లెములో రాలును. అక్కడి మంట గొట్టపు ప్రక్కనున్న సన్నని రంధ్రమునుండి లోపలి మందునకు ప్రాకును. మూత తీయుట, నిప్పు పుట్టించుట, రెండు పనులును ఒక్క దెబ్బలో ముగించుటయే ఇందలి చమత్కారము. ఒక్కొక్కప్పుడు పళ్లెములోని మందు భగ్గుమని, గొట్టములోని మందు అంటుకొనకపోవుటయు కలదు. మనము ఆరంభశూరత్వము అనుదానికి దగ్గరగా ఆంగ్లభాషలో 'పళ్లెములో మెరుపు' అను నానుడి ఉన్నది. అది ఈ తుపాకి పెట్టిన భిక్షయే.

నిప్పు రాతిలో దాగియున్నదని మన పెద్దలు తలచెడివారు. నిజమునకు ఆ నిప్పు ఉక్కుది. గట్టి రాతి అంచు ఉక్కునుండి కంటికి ఆనని తునకలను చెక్కివేయును. ఆ రాపిడికే వేడెక్కి అవి గాలిలో మండును. రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాలిన రవ్వలను తెల్లకాగితముపై పట్టి, సూక్ష్మదర్శినితో పరీక్షించి, అవి కరగి గుండ్రబడిన ఉక్కు బిందువులని 1665లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసినాడు. కనుక ఫ్రిజ్జెన్ ముఖము బాగుగా పదునెక్కిన గట్టి ఉక్కు కానిచో ఎంత మంచి రాయి పెట్టినను రవ్వ పుట్టదు. పెట్టెలో వచ్చిన భాగములలో మొదట పరీక్షింపవలసినది ఇదియే.

ఈ యంత్రము మన గడ్డకును కొత్తది కాదు. 1758 డిసెంబరులో పిఠాపురమునకు చేరువనున్న చందుర్తివద్ద కర్నల్ ఫోర్డ్ నడపిన ఆంగ్ల సేనకును, కాన్‌ఫ్లాన్స్ నడపిన ఫ్రెంచి సేనకును పోరు జరిగినది. విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు ఆంగ్లేయుల పక్షమున నిలిచినాడు. ఆ పొలములలో ఇరువైపుల పదాతులు పేల్చినవి చెకుముకి తుపాకులే. ఉత్తర సర్కారులు ఎవరి పాలగునన్న ప్రశ్నకు ఆ దినమున చాలవరకు జవాబు దొరకినది.

పెన్సిల్వేనియా రాష్ట్రమున స్థిరపడిన మా మేనల్లుడు ఒక చలికాలము ఇట్టి పెట్టె నొకదానిని తెప్పించినాడు. ఆ మూడు నెలలు నేను వాని ఇంటనే ఉంటిని. బడిపిల్లలకు చిరకాలము కొయ్యపని నేర్పినవాడను గనుక వాని పని అంతయు నా కన్నుల ఎదుటనే, కొంత నా సలహాతోను, సాగినది. పెట్టె విప్పి బల్లమీద పరచగా ఇవి కనబడినవి: సుమారు పది అంగుళముల పొడవు గల ఎనిమిది పలకల ఉక్కు గొట్టము, కూర్చియే ఉన్న చెకుముకి యంత్రము, యంత్రముమీద మోటుగా కోసిన అక్రోటు కొయ్య పిడి, మీటకు కాపుగా ఇత్తడి వంపు, మందు దట్టించు కడ్డీ, అది దూరుటకు ఇత్తడి ఉంగరము, కొన్ని మరచీలలు. దీనిని కెంటకీ పిస్తోలు అందురు. ఈ పేరులో ఒక వింత ఉన్నది. కెంటకీ తుపాకి అని ప్రసిద్ధికెక్కిన పొడుగాటి తుపాకులను మొదట చేసినవారు పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు ప్రాంతమునకు వలసవచ్చిన జర్మను కమ్మరులు. కష్టము ఒక ఊరిది, కీర్తి మరియొక ఊరిది.

పెట్టె చూడగానే ఇంటి ఇల్లాలు ముఖము చిన్నబోయినది. వారికి ఆరేండ్ల కుమార్తె ఉన్నది. "బాబాయిగారూ, మీరైనా చెప్పండి. పసిపిల్ల తిరిగే ఇంట్లో తుపాకి ఏమిటి?" అని నన్ను అడిగినది. ఆమె మాటలో న్యాయమున్నది. మేనల్లుడు దానిని త్రోసివేయలేదు. ఇద్దరును కూర్చుండి మాటాడుకొని ఒక ఒడంబడికకు వచ్చినారు. తుపాకిమందు ఇంటి గడప దాటి లోనికి రాకూడదు. పని లేనప్పుడు చెకుముకి యంత్రమును ఊడదీసి తాళము వేసిన పెట్టెలో ఉంచవలెను. గొట్టము, కొయ్య వేరుగా ఉండవలెను. యంత్రము లేని పిస్తోలు పప్పుగుత్తితో సమానము కదా. తాళపుచెవి ఆమెవద్దనే ఉండునని కూడ నిశ్చయమైనది. ఈ షరతులు ఆనాడు నాకు కొంచెము కఠినముగ తోచినను, ఇప్పుడాలోచింపగా అవి లేక పని మొదలుపెట్టుటయే తగదని అనిపించుచున్నది.

పదింట తొమ్మిదిపాళ్లు యంత్రమే చేసి పంపునని అమ్మకపువారి మాట. మిగిలిన పదవపాలు పూర్తిచేయుటకు మేనల్లునికి తొమ్మిది వారములు పట్టినది. మొదటి పని గొట్టమును కొయ్యగాడిలో పొదుగుట. ఇందుకు మన ఇండ్లలోని కాటుకవంటి వస్తువే సాధనము. దీపపు మసిని నూనెలో కలిపి గొట్టమునకు పలుచగా పూసి గాడిలో అమర్చి తీయవలెను. కొయ్యపై నల్లమచ్చ పడినచోట ఎత్తు ఉన్నదన్నమాట. ఆ మచ్చమేరకే ఉలితో గీకి, మరల పూసి, మరల అమర్చి, మరల తీయవలెను. ఇట్లు ముప్పది నలుబదిసార్లు జరుగును. గాడి అంతట మచ్చ సమముగా అంటిననాడు పొదుగు కుదిరినట్లు. ముఖ్యముగ గొట్టపు వెనుకభాగము కొయ్యకు నిండుగా ఆనవలెను. పేలినప్పుడు వెనుకకు వచ్చు అదటు అంతయు అక్కడనే పడును. అక్కడ సందు ఉన్నచో కొయ్య చీలును. గొట్టము వెనుక కన్నమును మూసిన మరబిరడాను మాత్రము ఎన్నడును విప్పరాదు.

తరువాత చెకుముకి యంత్రమును ప్రక్క గాడిలో కూర్చవలెను. దాని పలక గొట్టమునకు సందులేక అంటవలెను. లేనిచో పళ్లెములోని మందు సందులోనికి జారి కొయ్యలోపల మండును. గొట్టపు రంధ్రమునకు పళ్లెము సరిగా ఎదురు కావలెను. ఈ రంధ్రము అంగుళములో పదునారవ వంతు వెడల్పుగలది, అనగా మిల్లీమీటరున్నర కంటె కొంచెమెక్కువ. పళ్లెపు పై అంచుకు సమముగా అది ఉన్నప్పుడు మంట ఇట్టే లోనికి దూకును. మరీ క్రిందుగా ఉండి మందులో కప్పబడినచో రంధ్రములోని మందు వత్తివలె కాలుచు పోవలసివచ్చును. కాల్చువాని గురి అంతలో చెదరును.

ఇక్కడనే మేనల్లునికి గట్టి చిక్కు ఎదురైనది. పుంజును సగము వెనుకకు లాగినచో ఒక గంటులో ఆగవలెను. అది కాపు గంటు. అప్పుడు మీట నొక్కినను కదలరాదు. యంత్రము చేతిలో ఉండగా గంటు చక్కగా పట్టుచున్నది. కొయ్యలో బిగించిన వెంటనే పట్టుట లేదు, పుంజు జారిపోవుచున్నది. పిస్తోలు ఖాళీగా ఉన్నది గనుక సరిపోయినది గాని, మందు ఉన్ననాడు ఇట్లు జరిగినచో ప్రక్కవాని ప్రాణము పోవును. "గంటును కాస్త ఆకురాయితో లోతు చేస్తాను మామయ్యా" అని వాడు ఆకురాయి చేతికి తీసికొనినాడు. నేను పట్టుకొని ఆపితిని. చేతిలో పనిచేసినది కొయ్యలో చేయకున్నప్పుడు దోషము కొయ్యదే కావలెను. గట్టిపరచిన ఉక్కు గంటును అరగదీసినచో పై పొర పోయి లోపలి మెత్తదనము బయటపడును. అటుపిమ్మట దానిని ఎవరును నమ్మరాదు. యంత్రమునకు మసి పూసి అమర్చి తీయగా, మీటకు అందు చిన్న కడ్డీ ఒకటి కొయ్య గోడకు ఒరయుచున్నట్లు మచ్చ చెప్పినది. అంతియే కాక మీట వెంట్రుకవాసి పైకి వచ్చి ఆ కడ్డీని ఎల్లప్పుడును నొక్కుచున్నది. కొయ్యను గోటిమందము గీకి, మీటను ఆ వెంట్రుకవాసి దించిన తరువాత గంటు పట్టినది. మరునాడు వాడు ఖాళీ పిస్తోలునే పుచ్చుకొని నూరుసార్లు లెక్కపెట్టి పరీక్షించినాడు. నూరుసార్లును నిలిచినది.

అటుపైన కొయ్యకు రూపు దిద్దుట. ఇది కన్నులకు పండుగ. ముందు మోటు ఆకురాయి, పిదప సన్న ఆకురాయి, ఆ తరువాత గరుకు కాగితములు ఒకదానికంటె ఒకటి సన్ననివి. గరుకు కాగితమును వేళ్లతో పట్టుకొని రుద్దినచో అంచులన్నియు గుండ్రబడి సబ్బుముక్కవలె అగును. చదునైన చెక్కకు చుట్టి రుద్దినచో అంచు నిలుచును. నునుపు వచ్చినదని తోచినప్పుడు తడిబట్టతో ఒకసారి కొయ్యను తుడిచి ఆరనీయవలెను. అణగియున్న నారలు గడ్డపుమాసికవలె లేచి నిలుచును. వానిని సన్న కాగితముతో తీసివేసి, మరల తడిపి, మరల తీయవలెను. మూడవమారు లేచుట మానును. ఇట్లు చేయక నూనె పెట్టినవారి పిడి మొదటి చెమటచేతికే గరుకెక్కును.

నూనెలలో అవిసె నూనె పాత పద్ధతి. నాలుగు చుక్కలు అరచేత వేసికొని, చేయి వేడెక్కువరకు కొయ్యపై రుద్ది, మిగిలినది తుడిచి, ఒక దినము ఆరనీయవలెను. ఒక్కసారిగా దట్టముగ పూసినచో జిగురువలె నిలిచి ఎన్నటికిని ఆరదు. పదిమార్లు పలుచగా పట్టించిన అక్రోటు కొయ్య లోపలినుండి వెలుగు వచ్చుచున్నట్లుండును. కాని ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలను పడవేయరాదు. అవిసె నూనె గాలి తగిలి ఆరునప్పుడు వేడి పుట్టును. ముద్దలో ఆ వేడి బయటకు పోలేక గుడ్డ తనంత తానే అంటుకొనును. ఇండ్లు తగులబడినవి. గుడ్డలను విడదీసి ఆరుబయట ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచవలెను. తుపాకిమందును గూర్చి అంత జాగ్రత్త చూపిన మా ఇంటి ఇల్లాలు ఈ గుడ్డల సంగతి విని మరింత నివ్వెరపోయినది.

గొట్టమునకు రంగు పెట్టుట మరియొక వింత. సముద్రతీరమున కాపురముండు మనవారు ఇనుమునకు త్రుప్పు పట్టకుండ నానా పాట్లు పడుదురు. ఇక్కడ త్రుప్పును పిలిచి కూర్చుండబెట్టి గౌరవింతురు. గొట్టముమీది యంత్రపు గీతలను ఆకురాయితో నిలువుగా లాగి తీసివేసి, జిడ్డు లేకుండ కడిగి, వ్రేలు తగులనీయక, త్రుప్పు పట్టించు ద్రావకమును పలుచగా పూసి, తేమ గల పెట్టెలో ఉంచుదురు. కొన్ని గంటలకు ఎర్రని సన్న పొర ఏర్పడును. పై పొడిని ఉక్కుపీచుతో సుతారముగ తీసివేసి, మరల పూయుదురు. ఐదారు మార్లకు పొర చిక్కబడి ముదురు గోధుమవన్నె తిరుగును. అప్పుడు వంటసోడా కలిపిన నీటితో కడిగి, ద్రావకపు పనిని ఆపి, వేడిచేసి నూనె పట్టింతురు. గోధుమవన్నె బదులు నలుపు కావలెనన్నచో ప్రతి పూతకు పిదపను గొట్టమును మరుగు నీటిలో ఉడికింతురు. ఎర్రని త్రుప్పు నల్లని త్రుప్పుగా మారును. తొందరపడి ఒకేమారు ద్రావకము ఎక్కువ పూసినవారి గొట్టము గుంటలు పడి అమ్మవారు సోకిన ముఖమువలె అగును. ఇత్తడి సంగతి చెప్పనక్కరలేదు. పూజ గిన్నెలు తోమినవారెవరికైనను అది తెలిసిన విద్యయే.

ఇట్టి పెట్టెలతో చేసినది నిజమైన చేతిపని కాదని ఈసడించువారును ఉన్నారు. అమెరికాలోని విలియమ్స్‌బర్గులో వాలెస్ గస్లర్ అను పనివాడు ఇనుప రేకును కొలిమిలో గొట్టముగా చుట్టి అతుకుట మొదలు మరచీలలవరకు పదునెనిమిదవ శతాబ్దపు పనిముట్లతోనే ఒక తుపాకిని చేసినాడు. ఆ పనిని 1969లో చలనచిత్రముగా తీసినారు. దాని ఎదుట పెట్టె పని చిన్నదే. అయినను ఉలి పట్టుట ఎరుగని ఒక కచేరి ఉద్యోగి, తన చేతికిని కంటికిని మధ్య తెగిపోయిన దారిని తొమ్మిది వారములలో మరల వేసికొన్నాడన్నది నేను చూచిన సంగతి. దానిని నేను తక్కువగా ఎంచను.

చివరకు చెకుముకి రాయి. మేనల్లుడు తెప్పించినది ఇంగ్లండులోని సఫోక్ మండలమున బ్రాండన్ ఊరి నల్లరాయి. ఫ్రాన్సు రాళ్లు తేనెవన్నెగా ఉండును. బ్రాండన్ చుట్టును సుద్దనేలలు. ఆ సుద్ద పొరల అడుగున ఈ నల్లరాయి. ఆ సమీపముననే గ్రైమ్స్ గ్రేవ్స్ అనుచోట నాలుగువేల ఏండ్లకు పూర్వమే మనుష్యులు గొడ్డళ్ల కొరకు ఇదే రాతిని త్రవ్వినారు. నెపోలియనుతో యుద్ధము జరిగిన దినములలో ఆంగ్ల సైన్యమునకు ముఖ్యముగ బ్రాండనే రాళ్లు సరఫరా చేసినది. ఆ పనితీరును స్కెర్చ్‌లీ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1879లో వివరముగ గ్రంథస్థము చేసినాడు. పనివాడు తొడమీద తోలు కట్టుకొని, పెద్ద బండను సుత్తితో చీల్చి, దానినుండి పొడవాటి రేకులు ఊడగొట్టి, ఆ రేకులను ముక్కలుగా త్రుంచి చదరము చేయును. చూచువారికి కొబ్బరిచిప్ప పగులగొట్టినంత సులువుగ తోచును. కాని ఆ గదులలో లేచిన సన్నని రాతిదుమ్ము వారి ఊపిరితిత్తులలో పేరుకొనెడిది. ఎందరో పనివారు ముసలితనము చూడకయే దగ్గుతో కృశించి పోయినారు. ఆ జబ్బును వైద్యులు సిలికోసిస్ అందురు. మన దేశమున రాతిపొడి పనులలోని కూలీలును నేటికిని దాని వాతబడుచున్నారు. తుపాకి ఎదుట నిలిచినవారినే కాక, దానికి రాయి చెక్కినవారిని సైతము అది చంపినదన్నమాట. సరదాకు పిస్తోలు కూర్చువారు ఒక్కొక్క నల్లరాతిని చేత పట్టునప్పుడు ఈ సంగతి ఎరిగియుండుట మంచిది.

చెకుముకి తుపాకి కాలము తీరుటకు కారణమైనవాడు ఒక మతాచార్యుడు. స్కాట్లండులోని బెల్‌హెల్వీ గ్రామమున ఫోర్సైత్ అను ఆయనకు నీటిపక్షుల వేట సరదా. పళ్లెములోని మెరుపు కనబడగానే, గుండు చేరులోపలనే, పక్షులు తప్పించుకొనుచుండెను. విసిగి ఆయన మెరుపు అక్కరలేని ఉపాయము వెదకినాడు. సుత్తి దెబ్బకే పేలు రసాయనమును వాడి 1807లో పేటెంటు పొందినాడు. అదియే క్రమముగ పేలుడు టోపీకి దారితీసినది. 1840 ప్రాంతమునకు ఆంగ్ల సైన్యము చెకుముకి తుపాకిని విడనాడజొచ్చినది.

గొట్టమును గూర్చి ఒక ముఖ్యవిషయము మిగిలియున్నది. దానిని అమ్మకమునకు పంపకముందు మామూలుకంటె హెచ్చు మందు దట్టించి పేల్చి పరీక్షించి ముద్ర వేయు ఆచారము ఐరోపాలో పాతది. లండనులోని తుపాకి పనివారి సంఘమునకు 1637లో రాజపత్రము లభించినది. బర్మింగ్‌హాము పరీక్షాగృహము 1813లో పార్లమెంటు చట్టముచే ఏర్పడినది. గార్డొనెలో ఇటలీ ప్రభుత్వము గుర్తించిన పరీక్షాలయమున్నది. అమెరికాలో ఇట్టి పరీక్షను తప్పనిసరి చేయు చట్టము లేదు. కావున గొట్టముమీద ముద్ర ఉన్నదా లేదా అని చూచి కొనుట వివేకము. ముద్ర ఉన్నను అందులో పాతకాలపు నల్ల తుపాకిమందు మాత్రమే వాడవలెను. పొగరాని నవీనపు మందు కొంచెము పడినను గొట్టము పగులును.

మంచు విడిచిన పిదప మేనల్లుడు పిస్తోలును ఊరి వెలుపలనున్న క్లబ్బు మైదానమునకు కొనిపోయినాడు. మూతినుండి మందు దట్టించు తుపాకుల ప్రియులకు ఆ దేశమున 1933 నుండియు జాతీయ సంఘమున్నది. దాని కేంద్రము ఇండియానా రాష్ట్రములోని ఫ్రెండ్‌షిప్ అను చిన్న ఊరు. తుపాకి సంఘమునకు స్నేహమను ఊరు దొరకుట విధివిలాసము. క్లబ్బులోని పెద్దమనిషి ఒకరు ప్రక్కన నిలిచి మందు కొలిచి ఇచ్చినారు. కన్నులకు అద్దాలు, చెవులకు బిరడాలు పెట్టుకొని మేనల్లుడు మీట నొక్కినాడు. పళ్లెము భగ్గుమన్నది, పిస్తోలు పేలలేదు. వాడు చేయి దింపబోగా పెద్దమనిషి గట్టిగా అరచి ఆపినారు. మందు లోపల కుములుచు ఆలస్యముగ పేలవచ్చును గనుక గురినుండి కదలింపక ఒక నిమిషము నిలువవలెను. ఆ నిమిషము చాల పెద్దది. రంధ్రములో ముందునాటి నూనె అడ్డుపడియున్నది. తీగతో దానిని శుభ్రపరచి, పళ్లెములో క్రొత్తమందు పోసి నొక్కగా ఈమారు రెండు చప్పుళ్లు ఒక్కటిగా కలిసి, తెల్లని పొగ గుంపుగా లేచినది. గుండు అట్ట అంచుకు తగిలినది. అదియు ఘనతయే.

నల్లమందు కాలిన మసి గాలిలోని తేమను పీల్చుకొనును. కడుగక విడిచినచో తెల్లవారునప్పటికి గొట్టము లోపల త్రుప్పు మొలకెత్తును. ఈ త్రుప్పు పిలువని చుట్టము. అందుచేత ఇంటికి రాగానే యంత్రమును ఊడదీసి, వేడినీటితోను సబ్బుతోను గొట్టము కడిగి, గుడ్డ తెల్లగా వచ్చువరకు తుడిచి, ఆరిన తరువాత పలుచగా నూనె పట్టించినాడు. రాతి అంచు అప్పటికే మొద్దుబారినది. దవడలు వదులుచేసి రాతిని త్రిప్పి పెట్టినచో మరికొన్ని దెబ్బలు పనికివచ్చును. ఆ తరువాత చిన్న ఇత్తడి కడ్డీతో అంచును కొంచెము చెక్కినచో మరల పదునెక్కును. యంత్రము పెట్టెలోనికి పోయినది, తాళము పడినది, చెవి ఇల్లాలి చేతికి చేరినది.